మలుపు దగ్గర వెలిగే లైటు

ఆ శనివారం పొద్దున గొడవ పెరుగు దగ్గర మొదలైంది. జయరాజ్ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, మొహం ముడిచి, గిన్నెను బల్ల అవతలికి నెట్టాడు. పులిసిందన్నాడు. రాత్రి మజ్జిగ చేసుకోవడానికి బయటికి తీసింది ఆయనే, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టనిదీ ఆయనే. అక్సా ఆ మాటే అంది, గొంతు పెంచకుండా.

"అంటే తప్పు నాదేనంటవ్."

అలాంటిదేమీ లేదని, పెరుగు ఎందుకు పులిసిందో మాత్రమే చెప్పానని ఆమె అంది. వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు విశ్రాంతమ్మ తల ఎత్తలేదు.

"పోనియ్ బిడ్డా. ఈ నడుమ ఆ పిల్ల చెయ్యి పడ్డదేదీ నిలుస్తలేదు గదా."

పెరుగు గొడవ అక్కడితో అయిపోయింది. జయరాజ్ మిగిలిన అన్నం పచ్చడితో తిని లేచాడు. అక్సా గిన్నె కడుగుతూ నిలబడింది. ఆ మాటలో ఏమేం ఉన్నాయో ఆమెకు తెలుసు. నాలుగో నెలలో పోయిన కడుపు ఉంది. కుండీలో ఎండిపోయిన మల్లె ఉంది. పోయిన వారం విరిగిన పాలు ఉన్నాయి. అన్నిటికంటే పైన, ఎవరూ పేరు పెట్టి అనకపోయినా, కారులో వెలిగే లైటు ఉంది.

ఆ లైటు మొదట వెలిగింది మామయ్య లూకా పోయిన తర్వాత. విశ్రాంతమ్మ ఖమ్మంలో, ఖానాపురం హవేలి ప్రాంతంలో, కొడుకు దగ్గరే ఉంటున్నా ఆమె మనసంతా భద్రాచలం దాటాక పర్ణశాల దారిలో ఉన్న సొంతూరి మీదే. అందుకని ప్రతి రెండో శనివారం ముగ్గురూ కారులో అక్కడికి వెళ్తారు. ఆదివారం ఆ ఊరి చర్చిలో ఆరాధన, లూకా సమాధి దగ్గర ప్రార్థన, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. అలా వెళ్తున్న ఒక రోజు ఊరు ఇంకో పావుగంట ఉందనగా, అడవిలో ఒక మలుపు దగ్గర, స్టీరింగు వెనక పసుప్పచ్చని ఇంజను బొమ్మ వెలిగింది.

మామూలు మలుపు కాదు అది. ఒక తెల్లవారుజామున లూకా తన మోపెడ్ పక్కన పడి కనిపించింది అక్కడే. లారీ గుద్దిందో, అడవిపంది అడ్డం వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒంటి మీద పెద్ద గాయం కూడా లేదన్నారు. ఇప్పుడక్కడ రోడ్డు వారన సున్నం వేసిన చిన్న సిమెంటు సిలువ ఉంది.

ఖమ్మంలో మెకానిక్ తిరుపతి తన మెషిన్ పెట్టి చూసి, ఆక్సిజన్ సెన్సర్ హీటర్ ఫాల్ట్ అన్నాడు. జయరాజ్‌కు అది అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. వెనక నిలబడ్డ అక్సాకు అర్థమైంది. సత్తుపల్లిలో ఎలక్ట్రానిక్స్‌తో డిగ్రీ చదివిన మనిషి. పొగ గొట్టంలో బయటికి పోయే గాలిలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి చెప్పే వస్తువు ఆ సెన్సర్. అది బాగా వేడెక్కితేనే సరిగ్గా చెప్పగలదు. ఇంజను ఇంకా చల్లగా ఉన్నప్పుడే దాన్ని వేడి చేయడానికి లోపల ఒక సన్నటి హీటర్ ఉంటుంది. ఇల్లంతా నిద్రలో ఉన్నప్పుడు లేచి స్టవ్ వెలిగించే మనిషిలాంటిది అనుకుని అక్సా లోలోపల నవ్వుకుంది. ఆ హీటర్ లైనులో ఏదో తప్పుంది. తిరుపతి సెన్సర్ కొత్తది వేశాడు. మళ్ళీ వస్తే వైరింగు చూడాలి, కారు ఒక రోజంతా వదిలిపెట్టండి అన్నాడు. జయరాజ్ తలూపి వచ్చేశాడు.

తర్వాతి రెండో శనివారం అదే మలుపు దగ్గర మళ్ళీ వెలిగింది.

ఆ తర్వాత జరిగిందే అక్సా ఒంట్లో చలి పుట్టించింది. ఊరి నుంచి వచ్చాక జయరాజ్ ఒక్కడే ఆఫీసుకు తిరుగుతుంటే, కొన్నాళ్ళకు లైటు దానంతట అదే ఆరిపోయేది. ఆఫీసులో పనిచేసే భాస్కర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పని మీద భద్రాచలం దాటి పర్ణశాల దాకా వెళ్ళివచ్చాడు. అదే దారి, అదే మలుపు, అదే కారు. లైటు రాలేదు. అక్సా పక్కన కూర్చుని ఆ మలుపు దాటితే వచ్చేది. జయరాజ్ మొదట దాన్ని నవ్వులాటగా అన్నాడు, నువ్వంటే కారుకు పడట్లేదని. రెండోసారి నవ్వకుండా అన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు.

విశ్రాంతమ్మ మాత్రం అంది, కోడలితో కాదు, దేవుడితో. పక్క గదిలో మోకాళ్ళ మీద ఉండి, వినపడేటంత గట్టిగా. నా పెనిమిటి పడ్డ చోట ఈ పిల్లను చూసి ఏదో లేస్తుంది ప్రభువా, ఈ పిల్లలో ఉన్నదేందో నువ్వే బయటికి తియ్యి తండ్రీ, అని.

అక్సా చదువుకున్న మనిషే. అయినా వేళ్ళు తుడుచుకుంటూ వంటింట్లో ఒంటరిగా నిలబడ్డప్పుడు ఆ ప్రార్థన గోడలోంచి ఇంకి ఆమెలోకి వచ్చేది. ఇంటి ముందు నిలిపి ఉన్న కారులో ఒకసారి వెళ్ళి కూర్చుంది. తాళం తిప్పి, ఆ బొమ్మ వచ్చే చోటు వైపు కన్నార్పకుండా చూసింది. అది వెలిగి, ఇంజను అందుకోగానే బుద్ధిగా ఆరిపోయింది. ఆమె చూస్తున్నంతసేపు చీకటిగానే ఉంది. తను చూస్తున్నట్టు దానికి తెలుసేమో అనిపించి దిగిపోయింది. పక్కింటి వనజ తన పసిపిల్లను ఎత్తుకోమని చేతికిస్తుంటే, చేతులు తడిగా ఉన్నాయని అబద్ధం చెప్పింది. చేతులు పొడిగానే ఉన్నాయి. ఆ పూట ఆమె తనను చూసి తానే భయపడింది. అత్తగారి మాట కంటే, మొగుడి మౌనం కంటే, ఆ భయం ఆమెకు ఎక్కువ అవమానంగా తోచింది.

ఆ రోజే ఫోన్లో ఒక చిన్న స్కానర్ ఆర్డరు పెట్టింది. కారుకు గుచ్చితే, లోపలి కంప్యూటర్ రాసుకున్న తప్పులను ఫోన్లో చూపించేది. కాలేజీ రోజుల మల్టీమీటర్ అటక మీద పెట్టెలో ఉంటే తీసి కొత్త బ్యాటరీ వేసింది.

పెరుగు గొడవ జరిగిన శనివారం ప్రయాణం మిగతా వాటిలాంటిది కాదు. అత్తగారి ఊరవతల ప్రార్థనా మందిరంలో ఉపవాస కూడికలు జరుగుతున్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య ఇంటికి వచ్చి అక్సా మీద చేతులుంచి ప్రార్థన చేస్తారని, ఆ తర్వాత ఆమెను ఆ మందిరంలోనే వదిలి రావాలని తల్లీకొడుకులు నిర్ణయించుకున్నారు. ఆమెలో ఉన్నదేదో వదిలిపోయి విడుదల దొరికిందని ఆయన చెప్పేదాకా ఆమె అక్కడే ఉండాలి. ఆ సంగతి అక్సాకు చెప్పింది కారు ఎక్కబోయే ముందు. అడగలేదు, చెప్పారు. అలా లోపలికి వెళ్ళిన ఒక ఆడమనిషిని ఆమె చూసింది. బయటికి వచ్చాక ఆ మనిషి ఏ వస్తువు ఎక్కడ పెట్టాలన్నా పక్కవాళ్ళ మొహం చూసేది.

భద్రాచలం దాటాక ఎండ నిలబడింది. ఆకు రాలిన టేకు చెట్ల మధ్య మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. గాలి లేదు. వెనక సీట్లో విశ్రాంతమ్మ ఎప్పటిలా కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. ఆ మలుపు వస్తుందనగా జయరాజ్ ఎప్పటిలాగే వేగం పెంచాడు. ఆ చోటు ఎంత తొందరగా వెనక్కి పోతే అంత మంచిదన్నట్టు తోలుతాడు అక్కడ. రోడ్డు ఒక్కసారిగా పక్కకు తిరిగింది. చెట్లు మీదికి వచ్చి తప్పుకున్నాయి. తెల్లటి సిలువ ఎడమ కిటికీలో ఒక్క క్షణం కనిపించింది.

లైటు వెలిగింది.

జయరాజ్ లైటు వైపు చూడలేదు. అక్సా వైపు చూశాడు. ఏడేళ్ళ కాపురంలో ఆయన కళ్ళలో కోపం చూసింది, విసుగు చూసింది. భయం మొదటిసారి చూసింది. తనను చూసి.

"అమ్మా, చూసినవా?"

"చూసిన బిడ్డా. ముందు చూసి తోలు."

ఊళ్ళో దిగగానే తల్లీకొడుకులు పాస్టరయ్యతో మాట్లాడి వస్తామని నడిచి వెళ్ళారు. వెళ్ళే ముందు చేపలు తెచ్చి ఇచ్చి వండమన్నారు. అక్సా పులుసు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, బయటికి వచ్చి కారు తలుపు తీసింది.

స్కానర్ గుచ్చింది. ఫోన్ మీద అక్షరాలు వచ్చాయి. రెండో సెన్సర్, అంటే తిరుపతి మార్చినదే, హీటర్ కంట్రోల్ లైన్, వోల్టేజి తక్కువ. ఆమె దాన్ని తన భాషలోకి మార్చుకుంది. హీటర్‌కు రెండు తీగలు. ఒకదాంట్లో ఫ్యూజు మీదుగా బ్యాటరీ కరెంటు వస్తుంది. రెండోదాన్ని కంప్యూటర్ తనకు కావాలనుకున్నప్పుడు కారు బాడీ ఇనుముతో కలుపుతుంది, అప్పుడు హీటర్ వేడెక్కుతుంది. ఆ రెండో తీగ కంప్యూటర్‌కు చెప్పకుండా తనంతట తానే ఇనుమును తాకుతోంది. ఎక్కడో, అప్పుడప్పుడూ.

ఆ మాట అర్థమయ్యేసరికి ఆమె గుండె నెమ్మదించింది. ఆత్మలు ఇనుమును తాకవు.

ఫ్యూజు బాగుంది. బ్యాటరీ తీగ విప్పి పక్కన పెట్టింది. ఈ కారులో సెన్సర్ తీగ కింది నుంచి నేలలో ఒక కన్నం గుండా పైకి వచ్చి, ఎడమ సీటు ముందు కార్పెట్ కింద ఒక ప్లగ్గులో కలుస్తుంది. గడప ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, చెయ్యి లోపలికి దూర్చి ఆ ప్లగ్గు విప్పింది. సెన్సర్ వైపు హీటర్ కొలిచింది. బాగుంది, తిరుపతి వేసింది మంచిదే. ఇక కారు వైపు తీగ. రెండు మొనల మధ్య కరెంటుకు దారి ఉంటే కూసే సెట్టింగులో మీటరును పెట్టి, ఒక మొన తీగకు, ఒక మొన బాడీ ఇనుముకు ఆనించింది. శబ్దం లేదు. తీగను కదిలించింది, లాగింది. లేదు. పెరట్లో కోడి కూడా కూయడం లేదు. ఇంకాస్త లోపలికి చూద్దామని వంగి కార్పెట్ మీద మోకాళ్ళు మోపింది.

మీటరు కూసింది.

మోకాలు ఎత్తింది. ఆగిపోయింది. మోపింది. మళ్ళీ కూసింది, సన్నగా, ఆపకుండా, ఆమె బరువు కింద ఎవరో ఉండి పలికినట్టు. ఎత్తింది, మోపింది. పిలిచినప్పుడల్లా పలికింది. లేచి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. వెళ్ళిపోతే రేపు ఎక్కడ ఉంటుందో గుర్తొచ్చింది. రెండు చేతులతో కార్పెట్ అంచు పట్టుకుని పైకి లాగింది.

అక్కడ ఒక సిలువ ఉంది. రెండు పొడుగాటి మేకులను రాగి తీగతో కట్టి చేసింది. గుడారాలు వేసి జరిపే ప్రార్థన కూడికల దగ్గర అమ్ముతారు. మామయ్య పోయాక విశ్రాంతమ్మ అలాంటివి జోడు తెచ్చి, ఒకటి ఖానాపురం ఇంటి తలుపు మీద కొట్టించింది. రెండోది కావలసిన చోట పెట్టానంది. సీటు కింద కార్పెట్‌కు ఉన్న చీలికలోంచి ఎప్పుడో దూర్చి ఉంటుంది. గుంతల రోడ్ల మీద జరిగి జరిగి ముందుకు వచ్చింది. ఒక మేకు మొన తీగ మీది తొడుగును చీల్చి రాగిలోకి దిగింది. రెండో మేకు తల నేల మీది రంగును గీకి, ఇనుముకు అంటీ అంటకుండా ఉంది. పైనుంచి గట్టిగా ఏదైనా నొక్కితే చాలు, తీగా ఇనుమూ ఒకటవుతాయి.

అక్సా దాన్ని తుడిచి కొంగున ముడి వేసుకుంది. పులుసు చూసి వచ్చింది. తీగలో తెగిన పోగులను మెలిపెట్టి కలిపి, ఇన్సులేషన్ టేపు పొర మీద పొర చుట్టి, పెరట్లో దొరికిన సన్న పైపు ముక్కను నిలువునా చీల్చి పైన తొడిగి, తీగ మళ్ళీ కాళ్ళ కిందికి రాకుండా పక్క అంచుకు కట్టేసింది. మోకాళ్ళు మోపింది. మీటరు పలకలేదు. బ్యాటరీ కలిపి, తప్పును చెరిపి, తాళం తిప్పింది. బొమ్మ వెలిగి ఆరిపోయింది.

అంతా తేలినట్టే ఉంది, ఒక్కటి తప్ప. ఆ సీట్లో భాస్కర్ కూడా కూర్చున్నాడు. తను కూడా ఖమ్మం నుంచి అంత దూరం కూర్చునే వస్తుంది. మరి ఆ మలుపు దగ్గరే ఎందుకు?

రోడ్డు మీద చూస్తే తప్ప రిపేరు పూర్తయినట్టు కాదు. పొయ్యి ఆర్పి కారు తీసింది. లైసెన్సు పెళ్ళికి ముందే ఉంది. ఈ కారును ఆమె ఇంటి ముందు ముందుకూ వెనక్కూ జరపడం తప్ప తోలింది లేదు. మలుపు దగ్గరికి మెల్లగా వచ్చింది. కుడికాలు బ్రేకు మీదికి వెళ్ళింది, కారు బుద్ధిగా ఒదిగి తిరిగింది. అంత మామూలు మలుపు. దాటాక రోడ్డు వారకు ఆపి ఇంజను కట్టేసింది.

అడవిలో ఎక్కడో ఇప్పపూలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు తమ భాషలో మాట్లాడుకుంటున్నారు. మాటలు దగ్గరగా వినిపిస్తున్నాయి, మనుషులు కనిపించడం లేదు. కారు కింద వేడి గొట్టం చల్లబడుతూ టిక్కుటిక్కుమంటోంది. లూకా సిలువ మీద ఒక ఎండుటాకు వాలి ఉంది. అక్సా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ సీట్లో కూర్చుంది. పక్కన ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని, పక్కన జయరాజ్ ఉన్నట్టు, కారు ఆయన పోనిచ్చే వేగంలో మలుపులోకి వస్తున్నట్టు అనుకుంది.

ఆమె కాళ్ళు కదిలాయి. ఆమె కదపలేదు. రెండు పాదాలూ వాటంతట అవే నేలను వెతుక్కుని, మడమల దాకా బిగుసుకుని, లేని బ్రేకును బలమంతా పెట్టి తొక్కాయి, సరిగ్గా ఆ సిలువ దొరికిన చోట. కళ్ళు తెరిచి చూసుకుంది. వేరే ఎవరివో కాళ్ళను చూస్తున్నట్టుంది.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఇదే దారిలో మెల్లగా పోనివ్వండి అని అడిగింది. జయరాజ్ కారు ఆపి, నవ్వుతూనే, అట్లయితే నడిచి రా అన్నాడు. నవ్వులాటే అనుకుని దిగింది. కారు నిజంగానే వెళ్ళిపోయింది. చెట్ల మధ్య ఒంటరిగా నిలబడ్డ ఆ కాసేపు ఎంతసేపో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తిరిగి వచ్చి తలుపు తీసి, భయపడ్డవా అన్నాడు. లేదంది. ఆ తర్వాత ఆమె నోరు ఆ మాట మళ్ళీ అనలేదు. కాళ్ళు మానలేదు.

వాళ్ళు వచ్చేసరికి పొద్దు వాలింది. అక్సా అన్నం వడ్డించింది. జయరాజ్ కళ్ళు మూసుకుని భోజన ప్రార్థన చేశాడు. ఆహారానికి స్తోత్రం చెప్పి, ఈ ఇంట్లో దాగి ఉన్న చీకటిని బయటపెట్టమని అడిగాడు. ఆమెన్ అన్నారు. ఆయన చేప ముల్లు తీసుకుంటూ, రెండు జతల బట్టలు సర్దిపెట్టుకో, పాస్టరయ్య ఒప్పుకున్నడు అన్నాడు.

అక్సా కొంగు ముడి విప్పి మేకుల సిలువను చాప మీద, ముగ్గురి కంచాల మధ్య పెట్టింది.

విశ్రాంతమ్మ చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. "అది నీకెక్కడ దొరికింది?"

అక్సా చెప్పింది. తీగ ఎక్కడ చీలిందో, మేకు దేనికి తాకిందో, తను ఎలా కొలిచిందో, ఎలా బాగు చేసిందో. ఇంకో మాట కూడా చెప్పింది, తన కాళ్ళ సంగతి. ఎవరి మీదా గొంతు ఎత్తలేదు. మెకానిక్‌కు చూపించుకోవచ్చని, వైరు మీద టేపు అక్కడే ఉందని అంది.

జయరాజ్ సిలువ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. "నువ్వు పెట్టినవా అమ్మా?"

"నీ పానం కోసమే బిడ్డా. మీ నాయన గతి నీకు గావద్దని."

"సరే. అయితే ఇదంతా నా డ్రైవింగ్ మీదికి తెస్తది చూడు ఇప్పుడు." ఆయన నవ్వబోయాడు. "భయమైతే నోటితోటి చెప్పొచ్చు గదా."

విశ్రాంతమ్మ సిలువను చేతిలోకి తీసుకుని, మేకు మొనను బొటనవేలితో తడిమింది. ఎవరినీ చూడకుండా మాట్లాడింది.

"మీ నాయన బండి ఎనక కూసున్నప్పుడు నేను గూడ గట్లనే కాళ్ళు బిగబట్టేదాన్ని. మెల్లగ పో అంటే ఇంకింత తోలెటోడు. అందుకే, కార్ల గూడ కాళ్ళు పైకి పెట్టుకునే కూసుంట నేను."

జయరాజ్ అన్నం కలుపుతూనే ఉన్నాడు, అప్పటికే కలిసిపోయిన అన్నాన్ని. బయట కోళ్ళు గూట్లోకి సర్దుకుంటున్న చప్పుడు. అక్సా తన కంచంలో పులుసు వేసుకుని, చేప ముక్క తీసుకుని, అప్పుడు చెప్పింది.

"నేను ఆ మందిరంలో ఉండను. రేపు ఖమ్మం దాకా కారు నేను తోలుతాను, రేపటి తర్వాత కూడా. మీరు పక్కన కూర్చోండి. మలుపు దగ్గర భయమేస్తే చెప్పండి, మెల్లగా పోతాను. మిమ్మల్ని దింపేసి మాత్రం పోను."